అడ్డా కూలీకి ఒక కుర్చీ వేయండి

ముఖ్యమంత్రి గారికి, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల కలెక్టర్లకు, పురపాలక కమిషనర్లకు,



తుపాను వస్తే టీవీలన్నీ సముద్రం వైపు తిరుగుతాయి. మాకు సముద్రం లేదు. మా దగ్గర మనుషుల్ని చప్పుడు చేయకుండా చంపేది ఎండ. 2015 వేసవిలో తెలంగాణలో వడదెబ్బకు 500 మందికి పైగా పోయారని సర్కారు లెక్కలే చెప్పాయి. ఆ లెక్కలో నల్లగొండ ముందు వరసలో ఉంది. కాపురాల గుట్ట, లతీఫ్ సాహెబ్ గుట్టల నడుమ ఉన్న పట్టణమది. పగలంతా కాగిన బండ రాత్రంతా సెగ కక్కుతుంది. రేకుల ఇంట్లో పడుకున్నవాళ్లకు రాత్రి కూడా ఊపిరాడదు.

2025 ఏప్రిల్‌లో మీ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. చనిపోయినవారి కుటుంబానికి ఇచ్చే సాయాన్ని 50 వేల నుంచి 4 లక్షలకు పెంచింది. మంచి పని, కాదనను. కానీ ఆ డబ్బు ఇంటికి చేరాలంటే అది వడదెబ్బ చావేనని తహసీల్దారు, పోలీసు, డాక్టరు తేల్చాలి. పొద్దంతా ఇటుకలు మోసిన మనిషి రాత్రి ఇంట్లో పోతాడు. పోస్టుమార్టం అంటే ఇంటివాళ్లకు భయం. తెల్లారేసరికి దహనం అయిపోతుంది. ఊళ్లో మాత్రం గుండెపోటు అంటారు. ఇక మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో బస్తాలు మోసే బీహార్ హమాలీ పోతే శవం రైలెక్కుతుంది, ఫైలు ఇక్కడ పుట్టనే పుట్టదు. ఒకప్పుడు దేశమంతా డ్యాములు కట్టడానికి పాలమూరు లేబర్‌ను పంపిన నేల మనది. పరాయి ఊళ్లో చావంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

2023లో వచ్చిన కూల్ రూఫ్ విధానం చూడండి. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు చల్లని పైకప్పు తప్పనిసరి. ఇళ్ల సంగతికొస్తే 600 గజాలు దాటిన స్థలంలో కట్టేవాటికే తప్పనిసరి, చిన్న ఇళ్లకు వాళ్ల ఇష్టం. 60 గజాల్లో రేకులు వేసుకున్న హమాలీ తన ఇష్టంతో సున్నం డబ్బా కొంటాడా? ఆ డబ్బు వార్డు నిధుల నుంచే రావాలి. 2010 ఎండల్లో జనాన్ని పోగొట్టుకున్న అహ్మదాబాద్ 2013లోనే వేడి ప్రణాళిక రాసుకుంది, తర్వాత బస్తీల పైకప్పులకు తెల్లరంగు వేయించింది. అక్కడ అయిన పని ఇక్కడ ఎందుకు కాదు?

వానాకాలంలోనూ ఇదే కథ. మహబూబ్‌నగర్ పెద్దచెరువు అలుగు పోస్తే మునిగేది రామయ్యబౌలి. అక్కడివాళ్లు పల్లంలోకి సరదాకు పోలేదు. మిట్టన స్థలం కొనే స్తోమత లేక పోయారు.

2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ ప్రకారం సహాయంలో కులం, మతం, లింగం చూసి వివక్ష చూపరాదు. కిరాయిదారు, వలస కూలీ, ఆధార్‌లో వేరే ఊరి అడ్రసు ఉన్నవాడు మాత్రం ఆ జాబితాలో కనపడరు. మన పట్టణాల్లో సాయం అందక వెనుదిరిగేది ఎక్కువగా వీళ్లే.

2025లో ఆ చట్టాన్ని సవరించారు. మున్సిపల్ కార్పొరేషన్ ఉన్న నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ సంస్థలు వేయవచ్చు. కమిషనర్ అధ్యక్షుడు, కలెక్టర్ ఉపాధ్యక్షుడు. మిగతా సభ్యులను ఎంచేది రాష్ట్ర ప్రభుత్వం. మహబూబ్‌నగర్ అదే ఏడాది కార్పొరేషన్ అయింది. అంటే ముఖ్యమంత్రి గారూ, పాలమూరు బిడ్డగా, పురపాలక శాఖను కూడా చూస్తున్న మంత్రిగా, ఆ కుర్చీల్లో ఎవరు కూర్చోవాలో రాసే కలం మీ చేతిలోనే ఉంది.

ఆ సంస్థలో సఫాయి కార్మికురాలు ఒకరు, అడ్డా కూలీల నుంచి ఒకరు, వికలాంగుల నుంచి ఒకరు ఉండాలి. మీటింగుకు మొక్కుబడిగా కాకుండా పని దినం కూలీ చెల్లించి పిలవాలి. లేకుంటే రెండోసారి ఎవరూ రారు. కార్పొరేషన్ కాని పట్టణాలకు జిల్లా విపత్తు ప్రణాళికలోనే ఈ ఏర్పాటు చేయవచ్చు. ఎండ హెచ్చరికలు హిందీలో, ఉర్దూలో కూడా మైకులో చెప్పించండి. అడ్డాల దగ్గర నీడ, నీళ్లు పెట్టించండి. మధ్యాహ్నం పని ఆపిన గంటలకు కూలీ కోయకుండా మేస్త్రీలకు ఉత్తర్వు ఇవ్వండి.

ఇవన్నీ వచ్చే మార్చిలోపు జీఓగా రావాలి. ఏప్రిల్‌లో వచ్చే జీఓ ఆ ఏటి చావులకు పనికిరాదు.

ఇట్లు,
మీ పాలమూరు పౌరుడు