అమ్మరాదని రాసి అమ్ముతారు!

ఈ వారం తారల కబుర్లకి సెలవు. పెళ్ళిళ్ళూ, కాల్‌షీట్ల తగాదాలూ వచ్చే వారం చూసుకుందాం. వీడియో గేముల పిచ్చి ఉన్న కుర్రాడు ఇంట్లో ఉంటే మాత్రం ఇది చదవండి.

మా పుత్తూరు కుర్రకారుకి చెన్నపట్నం పెద్ద దూరమేం కాదు. పొద్దున రైలెక్కి, రిచ్చీ స్ట్రీట్ అంతా గాలించి, రాత్రికి ఇల్లు చేరొచ్చు. అట్లా పోయొచ్చిన అబ్బాయి ఒకడు మొన్న ప్లేస్టేషన్ సీడీ ఒకటి నా ముందు పెట్టి, "అన్నా, దీని మీద ఏందో రాసుండాది. పోలీసోళ్ళు గాని వస్తారా?" అన్నాడు. చూద్దును గదా, అట్ట మీద ‘నాట్ ఫర్ రీసేల్’ అని అచ్చేసి ఉంది. తిరిగి అమ్మరాదట! అమ్మినవాడు హాయిగా అంగట్లో కూచున్నాడు, కొన్నవాడికి ఇక్కడ నిద్ర లేదు.

ఈ ముద్ర కథేమిటంటే - కంపెనీవాళ్ళు ఆట యంత్రంతో పాటు ఒకటో రెండో ఆటలు కలిపి, ఒకే పెట్టెలో, ఒకే ధరకి ఇస్తారు. కొట్టువాడు ఆ పెట్టె విప్పి యంత్రం వేరే, ఆట వేరే అమ్ముకుంటే వాళ్ళ లెక్క తప్పుతుంది. అందుకని ఆ మాట కొడతారు. అంటే అది ముందుగా కొట్టువాడికి చేసిన హెచ్చరిక. లోపలున్న ఆట మామూలుగా పూర్తి ఆటే. అట్ట కాస్త పలచనగా ఉంటే ఉండొచ్చు.

అన్నీ అట్లాంటివే అనుకుంటే మాత్రం మునిగిపోతారు. ఇదే ముద్ర డెమో సీడీల మీదా ఉంటుంది. సినిమాకి ట్రైలర్ ఎట్లాగో ఆటకి డెమో అట్లాగు. ఒకటి రెండు ఘట్టాలు ఆడాక తెర పడిపోతుంది. పెద్ద షాపుల్లో జనం నిలబడి ఆడి చూడ్డానికి పెట్టే సీడీలు వేరే ఉన్నాయి. కొన్ని నిమిషాలు కాగానే మళ్ళీ మొదటికొచ్చేవి కూడా వాటిలో ఉంటాయి. ఇంకో రకం మరీ ఘోరం. పెట్టెలో సీడీయే ఉండదు, కోడ్ అచ్చేసిన కాయితం ముక్క ఉంటుంది. మొదటివాడు ఒకసారి వాడేశాడా, అది చించేసిన సినిమా టిక్కెట్టుతో సమానం. విరిగిన ఎముకకి కట్టు కట్టడంలో మా ఊరికి పేరుంది గాని, వాడేసిన కోడ్‌కి కట్టు కట్టే వైద్యుడు ఇంకా పుట్టలేదు.

ఇక చట్టం మాటకొద్దాం. అమెరికాలో ‘ది కాస్ట్‌అవే’ అనే నవల లోపల, డాలరు కన్నా తక్కువకి అమ్మితే ఊరుకోమని ప్రచురణకర్తలు అచ్చేశారు. ఒక పెద్ద దుకాణం దాన్ని 89 సెంట్లకే అమ్మేసింది. తగాదా సుప్రీంకోర్టు దాకా పోతే 1908లో దుకాణమే గెలిచింది. ఒకసారి అమ్మేశాక, పుస్తకంలో ఓ మాట అచ్చేసినంత మాత్రాన తర్వాతి ధర శాసించలేరు పొమ్మంది కోర్టు. ప్రచారానికని ఉచితంగా పంపి, అమ్మకానికి కాదని ముద్ర వేసిన పాటల సీడీల విషయంలో కూడా 2011లో అక్కడి అప్పీలు కోర్టు అమ్మినవాడి పక్షమే పలికింది.

మన దేశంలో కథ వేరుగా నడిచింది. సినిమా వాళ్ళు వినదగ్గ సంగతి ఇది. 1994 సవరణ ప్రకారం సినిమా కాపీనీ, కంప్యూటర్ ప్రోగ్రామ్ కాపీనీ అమ్మే హక్కు కాపీరైట్ ఉన్నవాడిదే - ‘అంతకుముందు అమ్ముడుపోయి ఉన్నా సరే’! అక్షరాలా చదివితే, మీరు డబ్బిచ్చి కొన్న క్యాసెట్ పక్కింటాయనకి అమ్మాలన్నా నిర్మాతని అడగాలి. ఎవరడిగారు లెండి! ఆ మాటని కంప్యూటర్ ప్రోగ్రాముల విషయంలో 1999లో తీసేశారు, సినిమాలకి 2012లో తీశారు. అద్దె వ్యాపారం సంగతి మాత్రం వేరు. అనుమతి లేకుండా సీడీలు రోజు అద్దెకి తిప్పితే చట్టం ఇప్పటికీ ఒప్పుకోదు. ఆ అబ్బాయికి నేను చెప్పింది ఇంతే: అసలు సీడీ అయితే, నీ ఇంట్లో నువ్వు ఆడుకుంటుంటే, ఆ ముద్ర చూసి భయపడాల్సింది లేదు. దొంగ కాపీకి మాత్రం ఏ ముద్రా రక్ష కాదు.

పాతది కొనడం చిన్నతనం అనుకునేవాళ్ళకి ఒక మాట. 1985లో కాలిపోయిన మూర్ మార్కెట్‌లో పాత పుస్తకాలూ, గ్రామఫోను రికార్డులూ ఏరుకుని చదువూ సంగీతమూ సంపాదించుకున్నవాళ్ళు ఎందరో. ప్లేస్టేషన్ 5 పెద్ద ఆటలు మన దగ్గర 4,999 రూపాయలకి వచ్చాయి. పుత్తూరులో ఎంతమంది తండ్రులు అంత పెడతారు? ఆడేసింది అమ్మి, ఇంకాస్త కలిపి, మరోటి కొనుక్కోవడమే ఈ కుర్రాళ్ళ ఆర్థికశాస్త్రం. 2013లో మైక్రోసాఫ్ట్ వాళ్ళు పాత ఆటల అమ్మకానికి పగ్గాలు వేస్తామంటే ప్రపంచమంతా గోల చేసింది. అదే ఏడు జూన్‌లో వెనక్కి తగ్గారు. సోనీ వాళ్ళు ఇదే సందని, ఆట స్నేహితుడికిచ్చే విధానం ఇదీ అంటూ ఒకాయన ఇంకొకాయన చేతికి సీడీ అందించే చిన్న ఫిల్ము తీసి నవ్వించారు.

ఆ సోనీ వాళ్ళే తర్వాత సీడీ పెట్టే చోటే లేని ప్లేస్టేషన్ 5 కూడా తెచ్చారు. దాన్లో ఆటంతా డౌన్‌లోడే. ‘అమ్మరాదు’ అని అచ్చెయ్యాల్సిన పనే లేదు. అమ్మడానికి చేతిలో ఏముంది గనక?

అన్నట్టు, మన హైదరాబాదులో ఆరోనా సంస్థ చేసిన ‘హనుమాన్: బాయ్ వారియర్’ 2009లో ప్లేస్టేషన్ 2కి వచ్చింది. ఆ యంత్రం తయారీ ఆగి ఏళ్ళయింది. ఇవాళ ఆ ఆట కావాలంటే ఎవరో దాచుకున్నవాడు అమ్మాలి, మనం కొనాలి. దొరికితే మాత్రం డబ్బు చేతిలో పెట్టేముందు అక్కడే యంత్రంలో పెట్టి ఆడించమనండి. సీడీ వెనక గీతలు చూడండి. కొట్టువాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.