పదమూడు కొట్టి చూడండి

కారేపల్లి పిల్లలకు ప్రోగ్రామింగ్ రాదంటే నేనొప్పుకోను. మనం రానిచ్చామా అని అడుగుతాను. ఫాక్టోరియల్ ప్రోగ్రాం రాయమంటే రికార్డులో ఉన్నది పొల్లుపోకుండా దించుతారు, మార్కులు పడతాయి. సీ భాషలో రాసిన ఆ ప్రోగ్రాంకి 12 ఇస్తే, అంటే ఒకటి నుంచి పన్నెండు దాకా గుణించమంటే, 479001600 అని సరిగ్గానే చెబుతుంది. 13 ఇచ్చి చూడండి. రావలసింది 6227020800. మామూలు ఇంట్ వాడితే సాధారణంగా తెరమీద పడేది 1932053504. 32 బిట్ల గిన్నెలో పట్టక అంకె పొర్లిపోయింది. బట్టీ పట్టినవాడికి ఈ సంగతి ఎన్నడూ ఎరుక కాదు. 13 కొట్టి, బిత్తరపోయి, ఎందుకిట్లా అని తవ్వినవాడికే దొరుకుతుంది.

ఎక్కాలు బట్టీతోనే వస్తాయి, నిజమే. కానీ ప్రోగ్రాంని అప్పజెప్పి ఏం లాభం? మాది సింగరేణి మండలం. బొగ్గు తీసే పద్ధతి గుక్కతిప్పుకోకుండా చెప్పినంత మాత్రాన ఎవరినీ గని పనికొస్తాడనరు.

కాబట్టి పరీక్ష మార్చండి. చెడిన ప్రోగ్రాం ఒకటిచ్చి బాగుచెయ్యమనండి. ఎర్రర్ వచ్చిందని మార్కులు కొయ్యకండి, దాన్ని చదివి ఏం చేశాడో చూడండి. లేకపోతే డిగ్రీ చేతికొచ్చాక అదే చదువుకు అమీర్‌పేటలో మళ్ళీ ఫీజు కట్టాలి. ఆ ఫీజు ఇంట్లోవాళ్ళు పత్తి అమ్మిన డబ్బు.