పగ్గాలు మారిన విమానం

మొన్న సంక్రాంతికి కడప వెళ్ళాను. మా అక్క అమెరికానుంచి తిరిగి వచ్చి అప్పటికి వారమే. ఆరునెలలు కొడుకు దగ్గర ఉండి వచ్చిన మనిషికి చెప్పుకోవడానికి మంచూ, దుకాణాలూ, మనవడి తెలుగూ, ఎన్నయినా ఉంటాయి. ఆమె వాటి జోలికే పోలేదు. నా చేతిలో కాఫీగ్లాసు పెట్టి, "ఒరే, నీ మేనల్లుడు కారుకొట్టంలో విమానం కడ్తాండాడు. దానికి పగ్గాలు సరిజేయించింది నేనే" అన్నది.

నేను తెలుగు చెప్పుకొని బతికేవాణ్ణి. కర్నూలునుంచి కడపకు వచ్చే దారిలో, ఓర్వకల్లు దగ్గర 2021లో తెరిచిన విమానాశ్రయాన్ని బస్సు కిటికీలోంచి చూడడమే తప్ప ఆ శాస్త్రంతో నాకు చుట్టరికం లేదు. ఆ రాత్రే మేనల్లుడికి ఫోను చేశాను. గంటన్నర చెప్పాడు. నాకు అర్థమయినంత మీకు చెబుతాను.

సొంతంగా విమానం కట్టుకోవడం అక్కడ వింత కాదు. 1953లో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన అందుకోసం ఒక సంఘమే పెట్టాడు. పనిలో సగానికి పైగా, డబ్బుకోసం కాకుండా సరదాకో నేర్చుకోవడానికో, సొంతంగా చేసి ఉండాలని ప్రభుత్వం షరతు. మనదేశంలోనూ లేకపోలేదు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ ఇంటి డాబామీద కట్టిన విమానాన్ని 2016లో ప్రదర్శనకు పెట్టాడు.

రెక్కలూ ఇంజనూ ఉంటే విమానం ఎగురుతుంది. చెప్పినమాట మాత్రం వినదు. వినిపించేవి మూడురకాల పలకలు. రెక్కల చివర, వెనక అంచున ఉండేవి అయిలరాన్లు. ఒకటి లేస్తే రెండోది వాలుతుంది. పలక లేచినవైపు రెక్క కిందికి దిగి విమానం అటు ఒరుగుతుంది. తోకకు అడ్డంగా ఉండేది ఎలివేటరు, మూతిని పైకీ కిందికీ తిప్పుతుంది. నిలువుగా ఉండేది చుక్కాని.

ఇవి కట్టడం చూడడానికి తేలిక. పల్చటి అల్యూమినియం రేకు, లోపల పక్కటెముకల్లాంటి బద్దలు, రివెట్లు, అంతే. అయినా మావాడు ఒక్క అయిలరానుకు మూడువారాలు పట్టించాడు. కింద బల్ల సమంగా లేకుండా రివెట్లు కొడితే రేకులో మెలి పడుతుంది. పడ్డ మెలి పోదు. విమానం ఉన్నన్నాళ్ళూ ఒక పక్కకు లాగుతుంది. ఇంకో సంగతి తూకం. పలకలో మడతబందుకు వెనకభాగం బరువయితే, ఒక వేగం దాటగానే గాలిలో జెండాలాగా టపటప కొట్టుకోవచ్చునట. దాన్ని ఫ్లట్టర్ అంటారు. క్షణాల్లో రెక్కనే విరిచేయగలదు. అందుకని మడతబందుకు ముందువైపు సీసం బిగించి తూకం సరిచేస్తారు. రంగు వేశాక మళ్ళీ తూచాలి. రంగుకు బరువు లెక్కగట్టేవాణ్ణి నేను ఇప్పుడే వినడం.

పైలట్ చేతిలోని స్టిక్ అనే కట్టెకూ ఈ పలకలకూ మధ్య ఉక్కుతాళ్ళు కప్పీల మీదుగా నడుస్తాయి. మన బావి చేంతాడు వ్యవహారమే. బిగువు సరిచేయడానికి నడుమ టర్న్‌బకిల్ అనే మర ఉంటుంది. దాని మరచుట్లు మూడుకు మించి బయటికి కనపడకూడదు. బిగించాక అది తిరిగిపోకుండా సన్నతీగ చుట్టాలి. బిగువుకు కొలత ఉంది, ఆ కొలతకు ఎండ లెక్కా ఉంది. వేడికి అల్యూమినియం ఉక్కుకన్నా ఎక్కువ సాగుతుంది కనక తాళ్ళు బిగుస్తాయి, చలికి వదులవుతాయి. "మన కడప మేనెలలో అయితే వీణతీగల్లాగా మోగుతాయి మామా" అన్నాడు.

రంగు కోసం విప్పిన తాళ్ళన్నీ ఒక శనివారం రాత్రి మళ్ళీ బిగించాడట. లోపల కూర్చుని కట్టె వంచితే వెన్నలాగా కదిలింది. ఎక్కడా రాసుకోలేదు. పదిరోజులు రోజుకొకసారి కదిపి చూసి మురిసిపోయాడు. పలకల కోణం కొలవడానికి ఇంకో మనిషి కావలసివచ్చి, వాళ్ళమ్మను రెక్క దగ్గర నిలబెట్టాడు. "నేను కట్టె ఏ పక్కకు వంచితే ఆ పక్క పలక పైకి లేస్తుంది, ఎంత లేచిందో చెప్పు" అన్నాడు. ఎడమకు వంచాడు.

"లేయలేదు. కిందికి పోయింది" అన్నది అక్క.

"అమ్మా, నువ్వు విమానానికి ఎదురుగా నిలబడినావు. నీకు కుడిఎడమలు తారుమారుగా కనపడతాయి."

"నా ఎడమతో నీకేం పని? నువ్వు వంచిన పక్కది లేస్తుందంటివి. లేయలేదు. పగ్గాలు మారినాయిరా నాయనా. మీ తాత చీకట్లో ఎద్దులకు ఇట్లే మార్చి కట్టి, బండిని కేసీ కాలవలో ఏసినాడు."

దిగి చూస్తే నిజమే. ఒక తాడు చోట ఇంకొకటి బిగిసి ఉంది. పదిరోజులూ అది కదులుతున్నదా అనే చూశాడు. ఎటు కదులుతున్నదని చూడలేదు.

నేను నవ్వలేదు. మా కాలేజీ పత్రిక ప్రూఫులు మూడుసార్లు దిద్దిన తరవాత, అట్టమీద "సాహిత్య సంచిక" కాస్తా "రాహిత్య సంచిక"గా అచ్చయింది. కట్టలు విప్పిన అటెండరు చెప్పేదాకా నాకు కనపడలేదు.

చేతకానివాడి పొరపాటు అనుకునేరు. లాంకాస్టర్ బాంబరును రూపొందించిన రాయ్ చాడ్విక్, మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఎనిమిది రోజులకు, 1947 ఆగస్టు 23న ఇంగ్లండులోని వుడ్‌ఫర్డ్‌లో ఆవ్రో ట్యూడర్ విమానం కూలి చనిపోయాడు. తాను రూపొందించిన విమానమే. అయిలరాన్ తాళ్ళు మారాయి. వాలిన రెక్కను లేపుదామని పైలట్ కట్టె వంచినకొద్దీ అది మరింత వాలుతుంది. 2018 నవంబరులో పోర్చుగల్‌లో మరమ్మతు ముగించుకుని లేచిన ఎయిర్ అస్తానా జెట్‌కూ ఇదే గతి. అందులోని ఆరుగురు అదృష్టవంతులు. రెండుసార్లు దిగబోయి దిగలేక మూడోసారి బేజాలో దిగారు. బ్రిటన్‌లో అందుకే కంట్రోళ్ళు విప్పి బిగిస్తే, రెండో మనిషి వేరుగా చూసి సంతకం పెట్టాలి.

మావాడు ఇప్పుడు కట్టె పట్టుకుని బొటనవేలు నిటారుగా నిలుపుతాడట. వేలు ఎటు వాలితే అటు పలక లేచి ఉండాలి. అక్క మాత్రం దాన్ని నమ్మలేదు. తన పాత చీర అంచు చింపి, ఎడమ తాడుకు ఒక ముడీ, ఎడమ కొక్కేనికి ఒక ముడీ వేసి వచ్చింది.

"తీసేశావా?" అని అడిగాను.

"తనిఖీకి వచ్చేవాళ్ళు తీయమంటే తీస్తాను మామా. అంతవరకూ ఉండనీ" అన్నాడు.