వార్తలో బిడ్డ ఆనవాళ్లు వద్దు

అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో మేరీ కే లెటర్నో అనే 35 ఏళ్ల టీచర్, తన విద్యార్థిపై అత్యాచారం చేసినట్లు 1997లో కోర్టులో నేరం ఒప్పుకుంది. ఆ అఘాయిత్యం మొదలైనప్పుడు బాలుడికి 12 ఏళ్లు. అయినా అక్కడి మీడియాలో చాలా భాగం దాన్ని నిషిద్ధ ప్రేమకథలా వడ్డించింది. 2000లో టీవీ సినిమా కూడా వచ్చింది. మార్కులు వేసే టీచరుకూ ఆరో తరగతి పిల్లవాడికీ మధ్య ప్రేమేమిటి?

మన చట్టం ఇక్కడ తడబడదు. 2012 నాటి పోక్సో, అంటే లైంగిక నేరాల నుంచి పిల్లలను రక్షించే చట్టం, 18 ఏళ్లలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ వర్తిస్తుంది. విద్యాసంస్థ సిబ్బందే నేరానికి ఒడిగడితే శిక్ష మరింత కఠినం. 23వ సెక్షన్ ప్రకారం మీడియా బిడ్డ పేరు, ఫొటో, చిరునామాయే కాదు, కుటుంబం, చదివే బడి, ఉండే పేట వివరాలు కూడా బయటపెట్టకూడదు. బాధ్యత విలేకరితో ఆగదు, ప్రచురణకర్తకూ యజమానికీ చుట్టుకుంటుంది. జమ్ముకశ్మీర్‌లోని కఠువాలో అత్యాచారానికి, హత్యకు గురైన బాలిక పేరు, ఫొటో బయటపెట్టిన సంస్థలను 2018లో ఢిల్లీ హైకోర్టు పది లక్షల రూపాయల చొప్పున కట్టమంది.

అయినా ఇలాంటి కేసు బయటపడగానే కెమెరాలు బడి గేటు దగ్గరికే పరుగెడతాయి. చిన్న ఊళ్లో బడి, తరగతి, టీచరు పేరు చెప్పేశాక బిడ్డ ముఖం మసకచేసి ఏం లాభం?

విలేకరి నిలదీయాల్సింది బడి యాజమాన్యాన్ని. ఫిర్యాదు ముందే వచ్చిందా? తెలిసీ దాచారా? పోలీసులకు చెప్పడం తప్పనిసరి చేసిన పోక్సో 19వ సెక్షన్‌ను ఎవరు తొక్కిపెట్టారు? సంపాదకులు ఈ ప్రశ్నలకు మొదటి పేజీ ఇవ్వాలి. ప్రతి వార్త కిందా పిల్లల హెల్ప్‌లైన్ నంబరు 1098 అచ్చువేయాలి.