సైటు రంగులు సరే, సెక్షన్ 4 సంగతేంటి?

జిల్లా వెబ్‌సైట్‌ రూపు మారినా, వాట్సప్‌లో మరికొన్ని సేవలు చేరినా మన పత్రికల్లో వచ్చే రాతలు ఒకే తీరున ఉంటున్నాయి. ఎన్ని సేవలు, ఎంత వేగం, పేజీ ఎంత ముచ్చటగా ఉంది అన్నవే లెక్కలు. ఆ పేజీలో ఏముండాలో ఇరవై ఏళ్ల కిందటే చట్టం చెప్పిందన్న ఊసే ఉండదు.

సమాచార హక్కు చట్టం 2005 సెక్షన్ 4(1)(బి) ప్రకారం బడ్జెట్ కేటాయింపులు, సబ్సిడీ లబ్ధిదారుల వివరాలు సహా 17 అంశాలను ప్రతి కార్యాలయమూ ఎవరూ అడగకుండానే వెల్లడించాలి. ఇది చాలామందికి తెలుసు. అసలు పట్టు 4(3), 4(4)లలో ఉంది. సమాచారం జనానికి సులువుగా అందాలనీ, స్థానిక భాషనూ ఆ ప్రాంతంలో బాగా చేరే పద్ధతినీ లెక్కలోకి తీసుకోవాలనీ అవి చెబుతాయి. ఆ సెక్షన్ కింద ఇచ్చిన వివరణలో నోటీసు బోర్డు, బహిరంగ ప్రకటన, ఇంటర్నెట్ ఒకే వరుసలో ఉన్నాయి. కాబట్టి బోర్డుకు ఏ నియమమో సైటుకూ అదే. ఇంగ్లిష్ పీడీఎఫ్ ఒకటి ఎక్కించి వెల్లడించేశామంటే చెల్లదు. 4(4)లోని ‘వీలైనంత మేరకు’ అన్న మాటను అధికారులు అడ్డుపెట్టుకుంటారు. ఆ సడలింపు ఎలక్ట్రానిక్ రూపానికే తప్ప భాషకు, సులువుకు కాదు. ఆ సెక్షన్‌ను నేను చదివే తీరు ఇదే. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం దీనికి మరింత బలమిస్తుంది.

మార్టూరునే తీసుకోండి. 2022 ఏప్రిల్ 4న ఈ మండలం ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది. అంతకు ముందటి భూసేకరణ ప్రకటన కావాల్సిన మిరప రైతు ఏ జిల్లా సైటు తెరవాలి? తీరా దొరికాక అది స్కాన్ చేసిన కాగితమైతే సర్వే నంబరు కొట్టినా, ఊరి పేరు కొట్టినా ఏమీ రాదు. ఫోన్‌లో ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోవాల్సిందే. చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు అందులో అక్షరమే కనబడదు. యూనికోడ్ కాని అను ఫాంట్లలో టైపు చేసిన ఫైళ్లతోనూ ఇదే చిక్కు. పేజీ పైన అక్షరాల సైజు పెంచే బటన్లు ఉన్నా స్కాన్ కాగితం మీద అవి పనిచేయవు.

ఈ విషయంలో సుప్రీంకోర్టు స్పష్టంగానే ఉంది. వికలాంగుల హక్కుల నిబంధనల్లోని 15(1) సౌలభ్య ప్రమాణాలను సలహాల స్థాయిలోనే వదిలేసిందని రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న దాన్ని కొట్టేసింది. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు కూడా ఆ నిబంధన కిందివే. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం ఆర్టికల్ 21 ఇచ్చే జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న అదే కోర్టు తేల్చి చెప్పింది.

2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన ప్రభుత్వ వాట్సప్ సేవ ‘మన మిత్ర’ మంచి పనే. అయితే అది అడిగిన మనిషికి అడిగిన కాగితం ఇస్తుంది. ఊరికొచ్చిన డబ్బు ఏమైందో అందరి ముందూ పెట్టడం వేరే బాధ్యత. ఒకటి చేశారని రెండోది మాఫీ కాదు. 2021 ఆగస్టులో జీవోల సైటును మూసి, 2024లో మళ్లీ తెరిచిన రాష్ట్రం మనది. వెల్లడిని పాలకుల దయగా చూస్తే అంతే జరుగుతుంది.

సెక్షన్ 20 జరిమానా అర్జీని తొక్కిపెట్టిన అధికారికే పడుతుంది, సెక్షన్ 4ను పట్టించుకోని కార్యాలయానికి కాదు. ఇదే అసలు లోపం. అలాగని సమాచార కమిషన్ చేతులు కట్టేసి లేవు. ఫలానా సమాచారం ప్రచురించమని ఆదేశించే అధికారం 19(8)(ఎ) ఇచ్చింది. సెక్షన్ 4 అమలును నిరంతరం పర్యవేక్షించాలని 2023 ఆగస్టు 17న సుప్రీంకోర్టు కమిషన్లను ఆదేశించింది కూడా. రాష్ట్ర సమాచార కమిషన్ ఆ అధికారాన్ని జిల్లా సైట్ల మీద వెంటనే వాడాలి. తెలుగులో లేని, వెతకడానికి వీల్లేని ఫైలును వెల్లడి కింద లెక్కించకూడదు.