రీఫ్ ట్యాంకు కొనేముందు ఆ రాయి ఎక్కడిదో అడగండి

చెన్నైలో మన తెలుగు ఇళ్లలో ఇప్పుడు ఒక కొత్త ముచ్చట కనిపిస్తోంది. హాల్లో ఆరడుగుల అద్దాల తొట్టి, అందులో ఉప్పునీరు, ఊదారంగు రాళ్లు, వాటి సందుల్లో నారింజరంగు క్లౌన్ చేపలు. గోల్డ్ ఫిష్ గిన్నెతో సరిపెట్టుకున్న కుటుంబాలే, పిల్లలు ఉద్యోగాల్లో కుదురుకున్నాక, రీఫ్ ట్యాంకు మీద డబ్బు పెడుతున్నాయి. బెంగళూరు, పుణె నుంచి ఫోను చేసే మనవాళ్లూ ఇదే మాట చెప్తున్నారు. ఈ ముచ్చటను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. సంఘం ఆఫీసుకు వచ్చినవాళ్లలో కొందరు ఒకే ప్రశ్న వేశారు: "దుకాణంవాడు ఇది కల్చర్డ్ లైవ్ రాక్ అంటున్నాడు సెక్రటరీగారూ, కొనొచ్చా?" వాళ్లకు విడివిడిగా చెప్పిన జవాబే అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

లైవ్ రాక్ అంటే మామూలు బండరాయి కాదు. చచ్చిపోయిన పగడాల సున్నపు గూడు అది. దాని రంధ్రాల నిండా బాక్టీరియా, పైన ఊదారంగు నాచు, స్పాంజీలు, చిన్నచిన్న పురుగులు కాపురముంటాయి. చేపల విసర్జన వల్ల పుట్టే అమోనియాను రాయి పైపొరలోని బాక్టీరియా ముందు నైట్రైటుగా, తర్వాత నైట్రేటుగా మారుస్తుంది. గాలి అందని లోపలి రంధ్రాల్లో ఉండే మరో రకం బాక్టీరియా ఆ నైట్రేటును నత్రజనిగా మార్చి బయటికి వదులుతుంది. అంటే ట్యాంకులో అసలు ఫిల్టరు ఈ రాయే. మోటారు, పంపు దానికి సాయం మాత్రమే. అందుకే రాయి లేకుండా రీఫ్ ట్యాంకు నడపడం కష్టం, అందుకే దానికి అంత గిరాకీ.

ఇక చట్టం సంగతి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో 2001లో పగడాలను చేర్చారు. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ, నల్ల పగడం, నిప్పు పగడం, సముద్రపు విసనకర్రలు అందులో ఉన్నాయి. పులి ఏ షెడ్యూల్లో ఉందో పగడమూ అందులోనే ఉంది. దిబ్బ నుంచి పీకిన లైవ్ రాక్ ఆ పగడాల గూడే కనుక అదీ ఈ లెక్కలోకే వస్తుంది. మొదటి షెడ్యూలు నేరానికి మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 2022 సవరణ తర్వాత కనీసం 25,000 రూపాయల జరిమానా. రామేశ్వరం యాత్రకు వెళ్లి షోకేసులో పెట్టుకుందామని తెచ్చుకున్న తెల్ల పగడపు కొమ్మకూ ఇదే వర్తిస్తుంది. (మన ఆడవాళ్లు నల్లపూసల్లో గుచ్చుకునే ఎర్ర పగడం వేరు. అది దిబ్బలు కట్టే పగడం కాదు, ఎక్కువగా మధ్యధరా సముద్రం నుంచి వచ్చేది. కంగారు పడకండి.)

ముప్ఫై ఏళ్లకు పైగా గుమాస్తాగా ఫైళ్లు తిప్పిన నాకు అన్నిటికన్నా బరువుగా కనిపించేది సెక్షన్ 57. షెడ్యూలులోని వస్తువు మీ చేతిలో ఉందని తేలితే, అది అక్రమంగా వచ్చిందనే అనుకుంటారు. కాదని నిరూపించే భారం మీదే. దుకాణంవాడు "కల్చర్డ్" అన్న మాట అక్కడ చెల్లదు. మా సభ్యుడొకరికి ఇచ్చిన బిల్లు చూశాను. పేరు రాయని ఆ దుకాణం బిల్లులో "అలంకార రాయి, 40 కిలోలు" అని ఉంది, అంతే. ఎక్కడ తయారైంది, ఎవరు పెంచారు, ఏ రాయి మీద పెంచారు, ఒక్క ముక్క లేదు. అలాంటి కాగితం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

2024లో వచ్చిన నమోదు నియమాల వల్ల ఇంకో అపోహ పుట్టింది. విదేశీ జీవులను ఇళ్లలో పెంచేవాళ్లు పరివేష్ 2.0 పోర్టల్లో నమోదు చేసుకోవాలని కేంద్రం ఆ ఫిబ్రవరిలో ప్రకటించి ఆరు నెలలు గడువిచ్చింది. "అయితే పగడాన్ని కూడా నమోదు చేసేస్తే సరిపోతుంది కదా" అని కొందరు అనుకుంటున్నారు. సరిపోదు. ఆ నియమాలు నాలుగో షెడ్యూల్లోని జీవుల కోసం. గట్టి పగడం మొదటి షెడ్యూల్లో ఉన్నంతకాలం ఆ దారి దానికి లేదు. ట్యాంకులో పెంచిన పగడమా, సముద్రంలో కోసిన పగడమా అన్న తేడా కూడా ఆ షెడ్యూల్లో లేదు.

ఇంత కఠినం అవసరమా అనేవాళ్లు మన్నార్ సింధుశాఖ వైపు ఒకసారి చూడాలి. రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా ఉన్న దీవుల్లో 21 దీవులను కలిపి 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించారు. అప్పటికే సున్నం కోసం, కట్టడాల కోసం ఏళ్ల తరబడి పగడాన్ని తవ్వారు. అడ్డుకట్ట పోయిన పూవరసన్‌పట్టి, విలంగుచల్లి దీవులు నీళ్లలో కలిసిపోయాయి. వాన్ దీవి కూడా అరిగి చిక్కిపోతుంటే, దాని చుట్టూ సిమెంటు ఆకృతులు దించి నిలబెట్టుకోవాల్సి వచ్చింది. ఆ దీవులను ముంచింది అక్వేరియం సరదా కాదు, నిజమే. కానీ రాయి తీస్తే దీవికి ఏమవుతుందో అక్కడ తెలిసింది. దానికి తోడు 2024లో సముద్రం వేడెక్కి లక్షద్వీప్‌లో పగడాలు తెల్లబారాయి. కర్ణాటకలో నేత్రాణి దగ్గర, మహారాష్ట్రలో మాల్వణ్ దగ్గర ఉన్నవి చిన్న చిన్న మడులు మాత్రమే. యానాం వైపు గోదావరి బురదనీటిలో పగడపు దిబ్బలు ఎలాగూ పెరగవు. మన దగ్గర ఉన్నదే కొంచెం.

మరి కల్చర్డ్ రాయి అనేదే అబద్ధమా? కాదు. అమెరికాలో ఫ్లారిడా రాష్ట్రం 1989లో తన జలాల్లో సహజ లైవ్ రాక్ తీయడం ఆపించింది. కేంద్ర జలాల్లోనూ 1990ల్లో ఆపేశారు. బదులుగా సముద్రపు అడుగున కొంత చోటు అనుమతితో ఇస్తారు. నేల మీది గనుల సున్నపురాయిని పడవల్లో తీసుకెళ్లి అక్కడ దించి, ఏడాది రెండేళ్లు ఉంచి, జీవం పట్టాక పైకి తీస్తారు. అందులో నాకు నచ్చిన నియమం ఒకటుంది. దించే రాయి అక్కడి సహజ రాయికి భిన్నంగా చూడగానే తెలియాలి, లేదంటే గుర్తు వేసి ఉండాలి. తనిఖీ అధికారి రాయిని చేతిలోకి తీసుకుంటే చాలు, దొంగదో దొరదో తెలిసిపోతుంది. ఫిజీలో సిమెంటు, తేలిక అగ్నిపర్వత రాయి కలిపి పోతపోసి సముద్రంలో పెంచారు.

మన దేశంలో ఇలా రాయికి గుర్తువేసి అమ్మే ఏర్పాటు లేదు. పైగా ఒక చిక్కుంది. పోతపోసిన రాయిని మన సముద్రంలో దించితే దాని మీద పగడం పిల్లలు తమంతట తామే వచ్చి అతుక్కోవచ్చు. వాన్ దీవి సిమెంటు ఆకృతుల మీద అదే జరగాలని కోరుకున్నారు, జరిగింది కూడా. అలా అతుక్కున్న మరుక్షణం అది మొదటి షెడ్యూలు వస్తువే. కనుక ఈ రోజున మనకు నిక్కమైన దారి ఒక్కటే, ఎండు రాయిని ఇంట్లోనే, ట్యాంకులోనే పండించుకోవడం.

ఇది పాలకు తోడు వేయడం లాంటిది. ఒక వంతు సిమెంటు, మూడు నాలుగు వంతులు కోళ్ల దాణాలో వాడే చిప్పల నూక, రెండు గుప్పెళ్లకు తక్కువ కాకుండా కల్లుప్పు కలిపి తడి ఇసుకలో పోతపోస్తే గట్టిపడుతుంది. నీళ్లలో వేస్తే ఉప్పు కరిగి రంధ్రాలు మిగులుతాయి. ఆ రంధ్రాలే ముఖ్యం. కడప బండ కూడా సున్నపురాయే కదా అని ఒకాయన అడిగారు. అది నున్నగా బిగుసుకున్న రాయి, బాక్టీరియాకు కాపురం దొరకదు. పోతరాయిని నెల నుంచి రెండు నెలలు మంచినీళ్లలో నానబెట్టి నీళ్లు మారుస్తూ ఉండాలి. సిమెంటు కారం దిగాకే ఉప్పునీటిలో పెట్టాలి. సీసాల్లో దొరికే బాక్టీరియానో, తెలిసినవాళ్ల ట్యాంకులోని చిన్న పోతరాయినో తోడుగా వేస్తే నాలుగు నుంచి ఆరు వారాల్లో అమోనియా, నైట్రైటు సున్నాకు వస్తాయి. ఊదారంగు పట్టడానికి ఆర్నెల్లో ఏడాదో పడుతుంది. దుకాణంవాడు అమ్మేది ఆ ఏడాది ఓపికనే.

తొట్టి కొలతల మాట కూడా చెప్పాలి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు అంటే 680 లీటర్లు. నీళ్లే 680 కిలోలు, రాయి, అద్దం, స్టాండు, కింది సంపు కలిస్తే టన్నుకు దగ్గర పడుతుంది. ఫ్లాట్లలో దూలం మీదో, బరువు మోసే గోడ వారగానో తప్ప పెట్టకండి. పాత మద్రాస్ టెర్రస్ ఇళ్లలో మేడ మీద అసలు వద్దు. ఉప్పు సుమారు 24 కిలోలు కావాలి, అదీ అక్వేరియం ఉప్పు. మెరీనా నుంచి బిందెలతో తెచ్చుకునే ఆలోచన మానుకోండి. రాయి లీటరుకు 120 గ్రాములు అనేది పాత లెక్క, అంటే 80 కిలోలు. మంచి రంధ్రాలుంటే అందులో సగం చాలు. చెన్నై ఎండకు చిల్లరు, కరెంటు పోతే పంపు తిరగడానికి ఇన్వర్టరు ముందే లెక్కలో వేసుకోండి. నీరు 27 డిగ్రీలు దాటకూడదు.

చేపల్లో హ్యాచరీలో పుట్టినవే అడగండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ మండపం కేంద్రం క్లౌన్ చేపలను హ్యాచరీలో పుట్టించే పద్ధతిని ఎప్పుడో నిలబెట్టింది. ముందు నత్తలు, తర్వాత ఒక జత క్లౌన్లు, నెలకు ఒకటి రెండుకు మించకుండా మిగతావి. మెత్తటి రకాల్లో జోవాంథిడ్లు, పుట్టగొడుగు పగడాలు గట్టి పగడాల కోవలోకి రావు, అయినా బిల్లులో పేరు రాయించుకోండి. సముద్ర దోసకాయ, పెద్ద చిప్పల్లో కొన్ని రకాలు మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు.

సంఘం తరఫున రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడికి, మత్స్యశాఖకు ఒక మహజరు తయారవుతోంది. నేల మీద పోసిన రాయిని ట్యాంకుల్లో పండించి అమ్మేవాళ్లకు ఫ్లారిడా తరహా గుర్తు, వరుస నంబరు, ఒక ధ్రువపత్రం ఇమ్మని అడుగుతున్నాం. మండపం, పాంబన్ వైపు జాలరి మహిళా బృందాలకు ఆ పని అప్పగిస్తే కొన్ని ఇళ్లకు ఏడాది పొడవునా కూలి దొరుకుతుంది. కొళత్తూరు దుకాణాల్లోనూ అమ్మేవాడికి భయం, కొనేవాడికి అనుమానం తగ్గుతాయి. మీ దగ్గర రాయికి ఇచ్చిన బిల్లులుంటే నకళ్లు ఈ నెలాఖరులోగా సంఘం చిరునామాకు పంపండి. మీ పేరు, దుకాణం పేరు కనిపించకుండా కొట్టేసి, తేదీ, సరుకు వివరం మాత్రం ఉంచండి. వాటిని మహజరుకు జతచేస్తాం.