గ్లూటెన్ ఫ్రీ బిస్కెట్టులో రైతు వాటా ఎంత?

సంక్రాంతికి బెంగళూరు నుంచి వచ్చిన మా అమ్మాయి సంచిలోంచి ఒక ప్యాకెట్టు తీసి వాళ్లమ్మ చేతిలో పెట్టింది. ‘‘అమ్మా, నీకు షుగర్ కదా, ఇవి తిను. కొర్ర బిస్కెట్లు. గ్లూటెన్ ఫ్రీ, షుగర్ ఫ్రీ, లో కార్బ్’’ అంది. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. ఎంతమ్మా అని అడిగితే 180 రూపాయలని చెప్పింది. బరువు 150 గ్రాములు. అంటే కిలో 1,200.

ఆ ఏడాది మేము రెండెకరాల్లో కొర్ర వేశాం. మండీలో కింటాలు 2,800కు అమ్ముకొచ్చి పట్టుమని నెల కాలేదు. కిలో 28 రూపాయలన్నమాట.

కళ్లజోడు పెట్టుకుని ప్యాకెట్టు వెనక్కు తిప్పాను. ముందువైపు కొర్ర కంకి బొమ్మ అరచేయంత ఉంది. వెనక చీమ తలకాయంత అక్షరాల్లో కొర్ర పిండి 22 శాతం అని ఉంది. మిగతాది బియ్యప్పిండి, కర్రపెండలం పిండి, పామాయిలు, తీపి కోసం మాల్టిటాల్. లెక్క కట్టి చూశాను. 150 గ్రాముల్లో 22 శాతమంటే 33 గ్రాముల కొర్ర పిండి. పొట్టు పోయాక నూరు కిలోల కొర్రకు 60, 62 కిలోల బియ్యం వస్తాయి కాబట్టి 33 గ్రాముల పిండికి సుమారు 53 గ్రాముల కొర్రలు కావాలి. మేము అమ్మిన ధరలో దాని ఖరీదు రూపాయిన్నర. 180 రూపాయల ప్యాకెట్టులో కొర్ర పండించిన వాడికి దక్కింది రూపాయిన్నర!

రవాణా, ప్యాకింగు, అంగడి అద్దె, పన్ను ఖర్చులు లేవని నేననను. వాటన్నిటినీ లెక్కలో వేసినా ఈ రూపాయిన్నర నాకు మింగుడుపడలేదు. మా ఆవిడ మాత్రం రెండు తిని, పిల్ల ఎక్కడ నొచ్చుకుంటుందోనని బాగున్నాయి అంది.

ఈ తిండి సంగతి మన పత్రికలో ఎందుకని కొందరు అడగవచ్చు. ఎరువుల కొరత, పంటల బీమా, కౌలు కార్డులు ఉండగా బిస్కెట్ల మీద వ్యాసమా అని. కానీ పట్నంలో ఇప్పుడు డబ్బున్నవాడు ఎక్కువ ధర పెట్టి కొంటున్న తిండి మన మెట్టచేలల్లో పండేదే. ఆ మాటలకు అర్థమేమిటో మనకు తెలియకపోతే మన పంట మీద మన మాట చెల్లదు.

ముందు గ్లూటెన్ సంగతి. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాల్లో ఉండే ఒక రకం మాంసకృత్తి అది. చపాతీ పిండికి జిగురు, సాగుడు వచ్చేది దాని వల్లే. సీలియాక్ అనే జబ్బు ఉన్నవాళ్లకు ఇది పడదు, పేగు లోపలి పొర దెబ్బతింటుంది. వాళ్లకు గ్లూటెన్ లేని తిండి ఫ్యాషన్ కాదు, ప్రాణావసరం. వాళ్లను నవ్వులాటగా తీసుకోకూడదు. అయితే మన దేశంలో ఆ జబ్బు గోధుమ ఎక్కువగా తినే ఉత్తరాదితో పోలిస్తే దక్షిణాదిలో చాలా తక్కువ. ఇక మన పలహారాలు చూడండి. మురుకులు, చెక్కలు, అరిసెలు, గారెలు, పెసరట్టు, జొన్నరొట్టె, రాగి సంగటి, ఉడకేసిన గుగ్గిళ్లు. వీటిలో గోధుమ ఎక్కడుంది? మా అవ్వ జీవితమంతా గ్లూటెన్ ఫ్రీ తిండే తిన్నది, ఆ పేరు వినకుండానే పోయింది. కొర్రలో గ్లూటెన్ లేదని అచ్చువేసి అమ్మడం కొబ్బరికాయలో ఎముకలు లేవని అమ్మడం లాంటిదే.

రెండో మాట లో కార్బ్, అంటే పిండిపదార్థం తక్కువని. ఇక్కడ మనవాళ్లు కూడా పొరబడుతున్నారు. చిరుధాన్యాలు తింటే షుగర్ రాదని, ఎంత తిన్నా ఫరవాలేదని ప్రచారం బాగా జరిగింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం నూరు గ్రాముల పాలిష్ బియ్యంలో పిండిపదార్థం సుమారు 78 గ్రాములు. రాగుల్లో, జొన్నల్లో 67, 68 దాకా ఉంటుంది. గోధుమలో 65, కొర్రల్లో 60. బియ్యం కంటే తక్కువే, కానీ లో కార్బ్ అనే తిండి కాదు. వాటిలో మేలంతా పైపొరలో ఉన్న పీచులో, ఖనిజాల్లో ఉంది. రాగుల్లో నూరు గ్రాములకు 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. అదే కొర్రను తెల్లగా మెరిసేదాకా పాలిష్ పట్టి, పిండి చేసి, దానికి కర్రపెండలం పిండి కలిపి బిస్కెట్ చేస్తే పీచు ఎటు పోయిందో అడగాలి. గ్లూటెన్ తీసేసిన బిస్కెట్ విరిగిపోకుండా ఉండటానికి ఇలాంటి పిండ్లే ఎక్కువ కలుపుతారు. గ్లూటెన్ లేదు నిజమే, కానీ షుగర్ ఉన్న మనిషికి దాంతో ఒరిగేదేమీ లేదు.

షుగర్ ఫ్రీ కూడా అంతే. నూరు గ్రాములకు అర గ్రాముకు మించి చక్కెరలు ఉండకూడదని ఆహార భద్రతా సంస్థ నిబంధన. మాల్టిటాల్ వేస్తే ఆ నిబంధన దాటరు. అది చక్కెరంత కాకపోయినా రక్తంలో షుగర్‌ను కొంత పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపుబ్బరం. బెల్లం వేసి షుగర్ ఫ్రీ అని అమ్మేవాళ్లు ఇంకో రకం. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరే. షుగర్ జబ్బు ముందు రెండూ ఒకటే.

ఇది రాస్తున్నానని తెలిసి అనకాపల్లి వైపు చెరకు వేసే మిత్రుడొకాయన ఫోన్ చేసి, ‘‘ఏం బాబూ, మా నోట్లో మట్టి కొడతావా’’ అన్నాడు. చక్కెర మానుకున్న నలుగురి వల్ల ఆయనకు నష్టమేమీ లేదు. ఆయన నష్టం మూతపడిన సహకార ఫ్యాక్టరీల్లో, నెలల తరబడి రాని బకాయిల్లో ఉంది. పండక్కి అరిసె తినొద్దని నేననడం లేదు. షుగర్ ఉన్నవాళ్లకు బెల్లం మందు అని అబద్ధం చెప్పి అమ్మొద్దంటున్నాను, అంతే.

ఎందుకంటే ఆ జబ్బు ఇప్పుడు పట్నం వాళ్లది మాత్రమే కాదు. భారత వైద్య పరిశోధనా మండలి దేశమంతా చేయించిన సర్వే 2023లో వెలువడింది. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని తేల్చింది. మా ఊళ్లో సంఘం సమావేశానికి 20 మంది వస్తే టీలో చక్కెర వద్దనేవాళ్లు ఆరేడుగురు. ఉదయం ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం అంగడి బిస్కెట్టు, రాత్రి మళ్లీ అన్నం. రాగి సంగటి ఆదివారం కోడికూరతో తినే ముచ్చట అయిపోయింది. పని మాత్రం ట్రాక్టరు చేస్తోంది.

నిజంగా పిండిపదార్థం తక్కువున్న చిరుతిండి కావాలంటే మన కళ్లంలోనే ఉంది. వేరుశనగలో నూరు గ్రాములకు పిండిపదార్థం 20 గ్రాముల అటూ ఇటూ. మాంసకృత్తులు 24 దాకా ఉంటాయి, మిగతాది ఎక్కువగా నూనె. నువ్వులు, ఎండుకొబ్బరి కూడా ఆ జాతివే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఇంత వేరుశనగ పండించి, దాన్ని నూనె మిల్లుకు తోలి, తిరిగి అంగట్లో మైదా బిస్కెట్టు కొనుక్కుంటున్నాం.

మా ఆవిడ ఆ ప్యాకెట్టు అయిపోయాక తనే ఒక పద్ధతి కనిపెట్టింది. రెండు గ్లాసుల వేరుశనగ పప్పును సన్న సెగ మీద దోరగా వేయించి, పొట్టు చెరిగేస్తుంది. మిక్సీలో ఆపి ఆపి తిప్పుతుంది. ఒకే పట్టున తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది, మొదటిసారి అట్లే పాడయింది. ఆ పిండిలో రెండు చెంచాల నువ్వులు, కాస్త వాము, ఉప్పు, కారం, ఒక కోడిగుడ్డు వేసి కలుపుతుంది. గుడ్డు తినని ఇళ్లలో అవిసె గింజల పొడి నీళ్లలో నానబెట్టి వేసుకోవచ్చు. ఓవెన్ మాకు లేదు. పాత కుక్కరులో రెండు వేళ్ల మందాన ఉప్పు పోసి, స్టాండు పెట్టి, గాస్కెట్టూ విజిలూ తీసేసి మూతపెట్టి పది నిమిషాలు కాగనిస్తుంది. చిన్న చిన్న బిళ్లలు తట్టి పళ్లెంలో పేర్చి లోపల పెట్టి, సన్న సెగ మీద 20 నిమిషాలు ఉంచుతుంది. తీసిన వెంటనే మెత్తగా ఉంటాయి, చల్లారితే కరకరలాడతాయి. చక్కెర లేదు, గోధుమ లేదు, కర్రపెండలం లేదు. టీతో నాలుగు తింటే ఆకలి ఆగుతుంది. నాలుగంటే నాలుగే, నూనెగింజ కదా.

రెండు జాగ్రత్తలు చెప్పాలి. మనకో పాడు అలవాటుంది. గట్టి కాయలు మార్కెట్టుకు, తాలు, ముడత గింజలు ఇంటికి. నల్లబడిన, బూజు పట్టిన గింజల్లో అఫ్లాటాక్సిన్ అనే విషం ఉంటుంది, కాలేయానికి చేటు, వేయించినా పూర్తిగా పోదు. ఏడాదికి ఒక బస్తా మంచి కాయలు ఇంటికని పక్కన పెట్టండి. ఇక షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అన్నం, రొట్టె ఒక్కసారిగా మానేస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మార్పు ఏదైనా డాక్టరుకు చెప్పి చేయండి. కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లు తప్పనిసరిగా అడగాలి.

ఇప్పుడు ధర సంగతికి వస్తాను. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. కేంద్రం బడ్జెట్‌లో వాటికి ‘శ్రీ అన్న’ అని పేరు పెట్టింది. ఢిల్లీ జీ-20 విందులో దేశాధినేతలకు చిరుధాన్యాల వంటలు వడ్డించారు. సంతోషమే. కానీ 2025-26 ఖరీఫ్ మద్దతు ధరల జాబితా చూడండి. రాగులకు 4,886 రూపాయలు, వేరుశనగకు 7,263, జొన్న, సజ్జకు కూడా ధర ఉంది. కొర్ర, సామ, అరిక, ఊద, వరిగ, అండుకొర్రలకు కేంద్రం జాబితాలో చోటే లేదు. విందులో చోటుంది, జాబితాలో లేదు. మద్దతు ధర లేని పంటకు మండీలో యజమాని చెప్పిందే ధర. మొదట అడగాల్సింది ఇదే: ఆరు చిరుధాన్యాలకూ మద్దతు ధర, కొన్న ధాన్యం రేషన్ షాపుల్లో, హాస్టళ్లలో, అంగన్‌వాడీల్లో పంపిణీ.

రెండోది పొట్టు తీసే యంత్రం. రాగులు, జొన్నలు ఊరి పిండి మరలో ఆడించుకోవచ్చు. కొర్రకు, సామకు ముందు పొట్టు పోవాలి. ఒకప్పుడు ఆడవాళ్లు రోకళ్లతో దంచేవాళ్లు. కొర్ర తిండి మన ఇళ్లలోంచి పోవడానికి సగం కారణం ఆ చాకిరీయే, వాళ్లను తప్పుపట్టలేం. యంత్రం ఊళ్లో లేదు గనక కొర్రల్ని కొర్రలుగానే అమ్ముకుని, కొర్ర బియ్యం పట్నం ధరకు కొంటున్నాం. పొట్టు తీసిన బియ్యం ఎక్కువ కాలం నిల్వ ఉండదు, కాబట్టి ఆ పని పండే చోట, కావలసినప్పుడల్లా జరగడమే మేలు. మండలానికొక యంత్రం రైతు సంఘాలకో మహిళా సంఘాలకో ఇవ్వడం ప్రభుత్వానికి భారమేమీ కాదు.

మూడోది లేబుల్. 2023 అక్టోబరులో జీఎస్టీ మండలి చిరుధాన్యాల పిండితో చేసే పొడులకు పన్ను తగ్గిస్తూ, అందులో కనీసం 70 శాతం చిరుధాన్యాలు ఉండాలని షరతు పెట్టింది. పన్ను కోసం గీత గీయగలిగినప్పుడు పేరు కోసం ఎందుకు గీయరు? 22 శాతం కొర్ర వేసి కొర్ర బిస్కెట్ అనడం కుదరదని, ఎంత శాతముందో ముందువైపు బొమ్మ పక్కనే పెద్ద అక్షరాల్లో వేయాలని అడుగుదాం. ఆ శాతం పెరిగితే మన పంటకు గిరాకీ పెరుగుతుంది.

ఇదే న్యాయం మనకూ వర్తించాలి. మన ప్రాంతంలో మహిళా సంఘాలు మురుకులు, బిస్కెట్లు చేసి అమ్మడం మొదలుపెట్టాయి. వాళ్లలో కొందరు గ్లూటెన్ ఫ్రీ అని స్టిక్కరు వేస్తున్నారు. కిలోకు 20 మిల్లీగ్రాములకు లోపు గ్లూటెన్ ఉంటేనే ఆ మాట రాయాలి. గోధుమలు ఆడించిన మరలోనే కొర్ర ఆడిస్తే ఆ లెక్క ఎప్పుడో దాటిపోతుంది, సీలియాక్ ఉన్న పిల్లవాడు దాన్ని నమ్మి తింటాడు. విడిగా మర ఉండి, పరీక్ష చేయించుకుంటే రాయండి. లేకపోతే ‘కొర్ర 80 శాతం, బెల్లం 15 శాతం’ అని ఉన్నది ఉన్నట్టు రాయండి, దానికే కొనేవాళ్లు ఉన్నారు.

ఈ నెలలో సభ్యులందరికీ ఒక చిన్న పని. మీ ఊరి అంగట్లోనో, దగ్గరి టౌనులోనో దొరికే చిరుధాన్యాల బిస్కెట్ ప్యాకెట్టు తిప్పి చూడండి. ధర, బరువు, చిరుధాన్యం ఎంత శాతమో మూడూ ఒక కాగితం మీద రాసి, మీరు ఆ పంట చివరిసారి అమ్మిన ధర కూడా పక్కన వేసి సంఘం ఆఫీసుకు పంపండి. జిల్లాల వారీగా ఆ జాబితా తయారైతే వినతిపత్రంతో పాటు అధికారుల బల్ల మీద పెట్టడానికి మన దగ్గర లెక్క ఉంటుంది.